లాగ్‌బుక్‌లో పన్నెండో డైవ్

ప్రయాణానికి 40 రోజుల ముందు

డైనింగ్ టేబుల్ మీద మెడికల్ ఫారాలు రెండు. ఒకటి నాది, ఇంకొకటి మా అమ్మాయి చిన్నిది. రెండేళ్ళ క్రితం అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో, అదే పాత హేవ్‌లాక్‌లో, ఇద్దరం కలిసి ఓపెన్ వాటర్ కోర్సు, అంటే స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టు కోర్సు, చేశాం. తర్వాతి డైవింగ్ బాలిలో అని ఆ రోజే అనుకున్నాం. ఇప్పటికి తన డిగ్రీ పూర్తయింది, నాకు సెప్టెంబరులో సెలవు దొరికింది. బాలిలో అప్పుడు వానలు తక్కువ.

చిన్ని తన ఫారం రెండు నిమిషాల్లో నింపేసింది. నా కలం 45 ఏళ్ళు దాటినవాళ్ళ ప్రశ్నల దగ్గర ఆగింది. సిగరెట్టు, కొలెస్ట్రాల్, బీపీ, దగ్గరి బంధువుల్లో గుండె జబ్బు. నాకు 48. మూడేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. అంతకుముందు రోజే ఒక ఏజెంటు ఫోన్‌లో చెప్పాడు, "అన్నిటికీ నో పెట్టేయండి సార్, యెస్ పెడితే డాక్టర్ సంతకం అంటారు, అదో తలనొప్పి."

చిన్ని నా వంక చూస్తూ ఉంది. "నాన్నా, బీపీ ఉంది కదా. మరి యెస్సే కదా?"

యెస్ పెట్టాను.

ఈ ప్రశ్న ఎందుకు అడుగుతారో అప్పుడే చదివి తెలుసుకున్నాను. మెడదాకా నీటిలో మునగగానే కాళ్ళలో, చేతుల్లో ఉండే రక్తం ఛాతీ వైపు చేరుతుంది. గుండె మీద ఒక్కసారిగా పని పెరుగుతుంది. బీపీ అదుపులో లేనివాళ్ళకు అలాంటప్పుడు ఊపిరితిత్తుల్లోకి నీరు దిగే ప్రమాదం ఉంది. భూమి మీద ఆయాసం వస్తే ఓ పక్కన కూర్చుంటాం. 15 మీటర్ల లోతులో కూర్చోవడానికి చోటుండదు. కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్తే ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి, మాత్ర డోసు కొంచెం మార్చి, రెండు వారాలు బీపీ రాసుకుని రమ్మన్నారు. ఆ తర్వాతే సంతకం పెట్టారు. నెల ముందు మొదలుపెట్టబట్టి సరిపోయింది. యెస్ పెట్టిన ఫారంతో సంతకం లేకుండా బాలిదాకా వెళ్ళి ఉంటే అక్కడ నీళ్ళలోకి దిగనిచ్చేవారు కాదు.

ఇన్సూరెన్స్ సంగతీ అంతే. మేం మామూలుగా తీసుకునే ట్రావెల్ పాలసీ కాగితాలు మొదటిసారి పూర్తిగా చదివాను. సాహస క్రీడలకు వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది. అందుకని విడిగా డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, డైవర్లంతా డాన్ అని పిలిచే సంస్థ, వాళ్ళ డైవింగ్ బీమా తీసుకున్నాం. ఏ పాలసీ తీసుకున్నా మూడు సంగతులు చూసుకోవాలి. డైవింగ్‌కి వర్తిస్తుందా, ఎంత లోతు వరకు, ప్రెజర్ ఛాంబర్ వైద్యమూ (డైవింగ్ వల్ల ఒంట్లో బుడగలు కడితే, ఒత్తిడి పెంచిన గదిలో ఉంచి చేసేది) అక్కడికి తరలించే ఖర్చూ ఇస్తారా. మన సర్టిఫికెట్‌లో ఉన్న లోతు దాటి వెళ్ళి ప్రమాదం తెచ్చుకుంటే బీమా చెల్లకపోవచ్చు. మా ఓపెన్ వాటర్ కార్డుకి అది 18 మీటర్లు.

చివరి పని డైవ్ సెంటర్ ఎంచుకోవడం. మూడు చోట్లకు ఒకే ఉత్తరం రాశాం. ఆక్సిజన్ కిట్ ఎక్కడ ఉంచుతారు, ఒక గైడ్‌కి ఎంతమంది, దగ్గర్లో ఛాంబర్ ఎక్కడ, ఏదైనా జరిగితే ఎవరు ఏం చేస్తారు. ఒకరు జవాబివ్వలేదు. ఒకరు "ఏం భయం లేదు, అంతా సేఫ్" అని రాశారు. మూడోవాళ్ళు ఒక్కో ప్రశ్నకూ విడిగా జవాబు రాసి, చివర్లో మమ్మల్నే అడిగారు: ఆఖరి డైవ్ ఎప్పుడు చేశారు, మొత్తం ఎన్ని చేశారు, లాగ్‌బుక్ (చేసిన డైవులు రాసుకునే పుస్తకం) తెస్తారా. డబ్బు కొంచెం ఎక్కువైనా వాళ్ళనే ఖాయం చేశాం.

మొదటి రోజు

రాత్రంతా ప్రయాణం, మధ్యలో విమానం మారి, మధ్యాహ్నానికి డెన్‌పసార్‌లో దిగాం. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. వీసా ఆన్ అరైవల్‌కి మనిషికి 5 లక్షల ఇండోనేషియా రుపయా, బాలి టూరిస్టు రుసుము లక్షా 50 వేలు. అంకెలు చూసి గుండె ఝల్లుమన్నా మన డబ్బుల్లో అంత కాదు. అక్కడి నుంచి ఈశాన్య తీరంలోని తులంబెన్‌కి కారులో దాదాపు మూడు గంటలు.

ఆ రోజు డైవింగ్ పెట్టుకోలేదు. నిద్రలేని ఒంటితో, విమానంలో ఎండిపోయిన గొంతుతో నీళ్ళలోకి దిగకూడదు. ఒంట్లో నీరు తక్కువగా ఉండటం కూడా డీకంప్రెషన్ జబ్బుకి, అంటే ఒంట్లో కరిగిన వాయువు బుడగలు కట్టే జబ్బుకి, దోహదం చేస్తుందంటారు. ఓఆర్‌ఎస్ కలుపుకుని తాగి, అన్నం తిని పడుకున్నాం.

రెండో రోజు

డైవ్ సెంటర్‌లో మా కార్డులు, నా డాక్టర్ సంతకం, లాగ్‌బుక్కులు చూశారు. ఇద్దరివీ ఆరేసి డైవులు, ఆఖరిది రెండేళ్ళ క్రితం. అందుకని ఉదయమంతా స్విమ్మింగ్ పూల్‌లో రిఫ్రెషర్. మాస్క్‌లోకి నీళ్ళు వదిలి ముక్కుతో ఊది ఖాళీ చేయడం, సిలిండరు గాలిని అందించే రెగ్యులేటర్‌ని నోట్లోంచి తీసి మళ్ళీ పెట్టుకోవడం, గాలి అయిపోయిందని సైగ చేసి, బడ్డీ (నీళ్ళలో మనకు జంటగా ఉండేవాళ్ళు) దగ్గరున్న రెండో రెగ్యులేటర్ అందుకోవడం.

రాజమండ్రిలో కాలవ ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి, నీళ్ళంటే భయం లేదు. అయినా మాస్క్ నిండా నీళ్ళు నిండినప్పుడు ముక్కుతో గాలి లాగేశాను. గొంతులోకి నీళ్ళు వెళ్ళి, మూడడుగుల లోతులో టక్కున లేచి నిలబడ్డాను. పూల్‌లో కాబట్టి నిలబడితే సరిపోయింది. అదే లోతులో జరిగి, ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బి అవి చిట్లవచ్చు. 10 మీటర్ల లోతులో పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపు అవుతుంది. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదనే సూత్రం అక్కడి నుంచే వచ్చింది. నాలుగుసార్లు చేస్తేగానీ నాకు ధైర్యం రాలేదు.

మధ్యాహ్నం కోరల్ గార్డెన్‌లో 12 మీటర్ల డైవ్. లాగ్‌బుక్‌లో ఏడోది.

మూడో రోజు

తులంబెన్ పేరు ప్రపంచమంతా తెలిసింది ఒక మునిగిన ఓడ వల్ల. యూఎస్‌ఏటీ లిబర్టీ, అమెరికా సైన్యపు సరుకు ఓడ, దాదాపు 120 మీటర్ల పొడవు. 1942 జనవరిలో లొంబోక్ జలసంధి దగ్గర జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. లాగుకొస్తుంటే నీరు నిండిపోతోందని ఈ ఒడ్డుకే ఎక్కించి వదిలేశారు. 20 ఏళ్ళు ఒడ్డునే పడి ఉంది. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు భూమి కంపించి మళ్ళీ సముద్రంలోకి జారింది. అందుకే పడవ ఎక్కనక్కర్లేదు. ఒడ్డు నుంచి నడిచి దిగి కాసేపు ఈదితే చాలు, 5 మీటర్ల నుంచి దాదాపు 30 మీటర్ల దాకా పరుచుకుని ఉంటుంది.

ఒడ్డంతా నల్లటి గుండ్రాళ్ళు. వాటి మీద మా సిలిండర్లను ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకుని మోసుకొస్తున్నారు. నా వయసో, అంతకన్నా పెద్దదో ఉంటుంది ఒకావిడ. నెత్తి మీద గుడ్డ చుట్టి, అచ్చం మన ఊళ్ళో బిందెకు పెట్టుకునే చుట్టకుదురే, దాని మీద సిలిండరు అడ్డంగా పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని, మెత్తని చెప్పులతో ఆ రాళ్ళ మీద తడబడకుండా నడిచింది. సిలిండరు దించి గుడ్డతో మొహం తుడుచుకుని మళ్ళీ వెనక్కి వెళ్ళింది. అదే రాళ్ళ మీద నేను ఉత్త చేతులతో రెండుసార్లు జారాను. ఇంతసేపూ భద్రత అంటే ఫారాలు, పాలసీలు అనుకుంటున్నాను. నా వీపు మీది గాలి ఆమె మెడ మీదుగా నాదాకా వచ్చింది. పోర్టర్లకు ఇచ్చేది బిల్లులో వేరుగా ఉందో లేదో అడిగి, లేకపోతే చేతికి ఇవ్వండి.

మొదటి డైవ్ బాగా జరిగింది. రెండోదానికి సిద్ధమవుతుంటే చిన్ని నన్ను పట్టుకుని ఆపింది. బడ్డీ చెక్ చేస్తోంది. "నాన్నా, నీ రెగ్యులేటర్‌తో నాలుగుసార్లు పీల్చు. ముల్లు చూస్తాను." సిలిండరులో గాలి ఒత్తిడి చూపే గేజ్‌లో 200 బార్. పీల్చినప్పుడల్లా ముల్లు 150కి పడి మళ్ళీ 200కి లేస్తోంది. మూడుసార్లు అంతే. చిన్ని వెనక్కి చేయి పెట్టి వాల్వ్ తిప్పింది, ఇంకా రెండు చుట్లు తిరిగింది. ఎవరో కొంచెమే తెరిచి వదిలేశారు. తర్వాత పీలిస్తే ముల్లు కదల్లేదు.

ఒడ్డున కూర్చుని ఊపిరి తీస్తే కొంచెమే తెరిచిన వాల్వ్‌తో కూడా గాలి బాగానే వస్తుంది. 18 మీటర్ల లోతులో ఒక్కో ఊపిరికి పైనకన్నా దాదాపు మూడు రెట్లు గాలి కావాలి. అప్పుడు ఆ సందులోంచి గాలి చాలినంత రాదు. కొందరు వాల్వ్ పూర్తిగా తెరిచి పావు చుట్టు వెనక్కి తిప్పుతారు, ఇది పాత అలవాటు. దానివల్లే ఏది తెరిచిందో ఏది మూసిందో తికమక వస్తుంది. పూర్తిగా తెరిచి వదిలేయడమే ఇప్పుడు నేర్పుతున్నారు. మీరు డైవ్ చేయబోతుంటే ఈ వ్యాసంలో మిగతాది మర్చిపోయినా ఫర్వాలేదు, గేజ్ చూస్తూ నాలుగు ఊపిర్లు మాత్రం తీయండి.

గైడ్‌కి చెప్పాను. అతను సిబ్బందిని పిలిచి అందరి వాల్వ్‌లూ మళ్ళీ చూపించాడు.

నాలుగో రోజు

తెల్లారకుండానే లేచాం. ఉదయం ఆరింటికి లిబర్టీ దగ్గర జనం ఉండరు, తల మీద బొప్పి ఉన్న పెద్ద చిలుకచేపల గుంపు ఉంటుంది. ఒక్కోటి మీటరు పొడవు. పగడాన్ని కొరుకుతుంటే ఆ కరకర మాకు వినిపించింది. ఓడ ఇనుమంతా మెత్తటి పగడాలు, స్పంజ్‌లు కప్పేశాయి. ఎక్కడ ఓడ ఆగి ఎక్కడ సముద్రం మొదలైందో తెలియదు. లోతు చూపే నా డైవ్ కంప్యూటర్‌లో 17.4 మీటర్లు. కిందికి ఓడ ఇంకా ఉంది, ఇద్దరు డైవర్లు లైట్లు వేసుకుని దిగుతున్నారు. చిన్ని వాళ్ళని చూపించింది. నేను చేతిని అడ్డంగా పెట్టి, ఇక్కడే, అన్నాను. తను సరే అని సైగ చేసింది.

పైకొచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్, ఒంట్లో కరిగిన వాయువు కొంత బయటికి పోవడానికి ఆగడం. రెండో డైవ్ డ్రాప్ ఆఫ్ అనే నీటికింది నిలువు గోడ దగ్గర, అది 11వది.

మధ్యాహ్నం ఒక తగాదా వచ్చింది. మా తర్వాతి మజిలీ సనూర్ వెళ్ళే దారిలో కింతమణి చూడాలని, బతూర్ అగ్నిపర్వతం ఎదురుగా కూర్చుని కాఫీ తాగాలని చిన్ని ఇంటి దగ్గరే రాసుకుంది. అది దాదాపు 1,500 మీటర్ల ఎత్తు. డైవ్ చేసిన ఒంట్లో నైట్రోజన్ కరిగి ఉంటుంది, ఒత్తిడి తగ్గితే సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. ఆ సంగతి విమానం దగ్గర అందరికీ గుర్తుంటుంది, కొండ ఎక్కే కారు దగ్గర గుర్తుండదు. చిన్నికీ తెలుసు, కానీ మనసు ఒప్పుకోలేదు. "ఇంకెప్పుడొస్తాం నాన్నా?" అంది. తీరం వైపు దారి పట్టుకుని, అమ్లపుర మీదుగా సనూర్ చేరాం. బాలిలో డైవింగ్ పెట్టుకునేవాళ్ళు కింతమణిని ముందే చూసేయండి. మేం ఆ వరుస తప్పు వేసుకున్నాం.

ఐదో రోజు

సనూర్ నుంచి స్పీడ్ బోట్‌లో నూసా పెనిడా దీవికి. పడవలో చిన్ని రెండుసార్లు తుమ్మింది. సాయంత్రానికి గొంతు గరగర.

పెనిడా సముద్రం తులంబెన్ లాంటిది కాదు. పసిఫిక్ నీరు హిందూ మహాసముద్రంలోకి ఈ లొంబోక్ జలసంధి గుండా పోతుంటుంది. ప్రవాహం గబుక్కున తిరుగుతుంది, కొన్నిచోట్ల మనిషిని కిందికి లాగుతుంది. 2014 ఫిబ్రవరిలో ఏడుగురు జపాన్ మహిళలు ఈ దీవుల దగ్గరే డైవ్‌కి దిగి కొట్టుకుపోయారు. కొన్ని రోజులు గాలించాక ఐదుగురు ప్రాణాలతో దొరికారు. మిగతా ఇద్దరూ ప్రాణాలతో దొరకలేదు. బ్రీఫింగ్‌లో గైడ్ ఒక్కొక్కరి జేబు తడిమి చూశాడు, పడవకి కనిపించేలా నీటిపైన ఊది నిలబెట్టే నారింజ రంగు గొట్టం, విజిల్ ఉన్నాయా అని. సెప్టెంబరు కాబట్టి క్రిస్టల్ బే దగ్గర మోలా అనే పెద్ద చేప కనిపించవచ్చని మాకు ఆశ. అతను మా లాగ్‌బుక్కులు తిరగేసి, "11 డైవులకు క్రిస్టల్ బే వద్దు, మాంటా పాయింట్ చేద్దాం" అన్నాడు. మాంటాలు రెక్కలు చాచినట్టుండే పెద్ద చేపలు. ఇంకో షాపువాళ్ళు తీసుకెళ్తామనే అన్నారు. మేం వెళ్ళలేదు.

మాకు చెప్పిన ఛాంబర్ ఆసుపత్రి డెన్‌పసార్‌లో, అంటే సముద్రం దాటి అవతల. అక్కడికి చేరేలోపు రోగికి చేయగలిగిన ముఖ్యమైన పని స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇవ్వడం. పడవ ఎక్కగానే ఆక్సిజన్ ఉంచే ఆకుపచ్చ పెట్టె ఎక్కడుందో చూపించమని అడిగాను. తెరిచి, సిలిండరులో ఎంతుందో కూడా చూపించారు.

రాత్రి చిన్ని ముక్కు దిబ్బడ తగ్గే మాత్ర వేసుకుంటానంది. "వేసుకో, కానీ వేసుకుంటే రేపు డైవ్ లేదు" అన్నాను. దిగేటప్పుడు ముక్కు మూసి ఊది, చెవి లోపలికి గాలి పంపి ఒత్తిడి సరిచేసుకోవాలి, జలుబులో ఆ దారి మూసుకుపోతుంది. మాత్ర పనిచేసినంతసేపు చెవి తెరుచుకుంటుంది, లోతులో ఉండగా ప్రభావం దిగిపోతే లోపలి గాలి బయటికి రాక పైకొచ్చేటప్పుడు ఇరుక్కుంటుంది. కిందికి దిగలేకపోతే మానేయవచ్చు, పైకి రావడం మానలేం. తను మాత్ర వేసుకోలేదు. పొద్దునకి చూద్దాం అంది.

ఆరో రోజు

పొద్దున ముక్కు మూసి మెల్లగా ఊది, "రెండు చెవులూ తెరుచుకుంటున్నాయి" అని చెప్పింది. నేను నమ్మాలనుకున్నాను. ఈ డైవ్ కోసం రెండేళ్ళు ఎదురుచూసింది. అక్కడ నేను మెతకపడ్డాను. జలుబుతో దిగకూడదని కోర్సు మొదటి రోజే చెబుతారు.

మాంటా పాయింట్‌లో అలలు ఎత్తుగా ఉన్నాయి. నీరు 23 డిగ్రీలు, మందం సూట్‌లో కూడా వణుకు. నలుగురు డైవర్లు, ఒక గైడ్. ఎవరైనా ముందే పైకొస్తే బడ్డీతో కలిసి రావాలని, పడవ మా మీదే కన్నేసి ఉంటుందని ముందే మాట్లాడుకున్నాం.

దిగడం మొదలుపెట్టాం. 3 మీటర్ల దగ్గర చిన్ని ముక్కు పట్టుకుని ఆగింది. ఒక మీటరు పైకి వచ్చి, మళ్ళీ దిగింది. 5 మీటర్లు. మళ్ళీ ముక్కు పట్టుకుంది. మాస్క్ వెనక కనుబొమలు ముడిపడ్డాయి. గైడ్ కింద ఎదురుచూస్తున్నాడు, మిగతా ఇద్దరూ అప్పటికే ఎటో చూపిస్తున్నారు. చిన్ని చెవి చూపించి, అరచేతిని అటూ ఇటూ ఊపింది, సమస్య అని. ఇంకొక్కసారి ప్రయత్నిస్తుందనుకున్నాను. పిడికిలి బిగించి బొటనవేలు పైకి చూపించింది.

నీళ్ళ కింద ఆ సైగకి ఒకటే అర్థం, పైకి. ఎందుకని ఎవరూ అడగకూడదు. నేనూ బొటనవేలు ఎత్తాను. గైడ్‌కి చూపించి, ఒకరి చేయి ఒకరం పట్టుకుని నెమ్మదిగా పైకొచ్చాం.

పడవలో టవల్ కప్పుకుని చాలాసేపు మాట్లాడలేదు. డైవ్ ఫీజు తిరిగి రాదు, అది రూలు. ముప్పావుగంటకి మిగతావాళ్ళు వచ్చారు. నాలుగు మాంటాలు కనిపించాయట. చిన్ని అటు తిరిగి కూర్చుంది.

"సారీ నాన్నా, నీ డైవ్ కూడా పోయింది."

"నువ్వు వేలు చూపించకపోతే నాకెలా తెలిసేది?" అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు. పొద్దున వద్దని అనాల్సింది నేను, ఆ మాటా చెప్పాను.

సాయంత్రం సనూర్ తిరిగొచ్చి క్లినిక్‌లో చూపించాం. కర్ణభేరి ఎర్రబడింది, చిల్లి పడలేదు. ఇంకో మీటరు బలవంతంగా దిగి ఉంటే సంగతి వేరని డాక్టరు అన్నారు. ముక్కులో కొట్టుకునే మందు రాసి, నీళ్ళలోకి దిగొద్దన్నారు.

ఏడో రోజు

డైవింగ్ లేని రోజు. వరుసగా రోజుల తరబడి డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలని డాన్ చెబుతుంది. మేం ఒక పూర్తి రోజు పైనే ఉంచుకున్నాం. రాత్రి విమానం. సూట్లు మంచినీళ్ళలో ఉతికి ఆరేశాం, వాళ్ళమ్మకి వీడియో కాల్ చేశాం. చెవి సంగతి ముందు నేనే చెప్పాను.

ఎయిర్‌పోర్టులో గేటు దగ్గర కూర్చుని చిన్ని లాగ్‌బుక్ తీసింది. రాస్తుంటే పక్క నుంచి చూశాను. డైవ్ 12. మాంటా పాయింట్. లోతు 5 మీటర్లు. సమయం 4 నిమిషాలు. ఏం చూశారు అన్న చోట ఖాళీ వదిలేసి, కింద రాసింది: ఎడమ చెవి తెరుచుకోలేదు, పైకి వచ్చేశాం.

కలంతో సహా పుస్తకం నా వైపు జరిపింది. "బడ్డీ సంతకం పెట్టు నాన్నా."